నవ్వుతున్న నీటిమట్టం

నేరేడులంక రేవులో లస్కరు ఉద్యోగమంటే, విప్పి చెబితే, ఒక అంకె రాయడం. మట్టపర్తి సూరన్న ఆ పని ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాడు. గట్టు దిగి, నీళ్ళలో పాతిన గేజి రాయి దగ్గరికి వెళ్ళి, ఏరు ఏ గీత దాకా వచ్చిందో చూసి, మళ్ళీ పైకెక్కి, రేవు మొదట్లో ఉన్న నల్లబల్ల మీద సుద్దముక్కతో లావుగా రాసేవాడు. ఏరు లేస్తుంటే అంకె పక్కన పైకి చూసే బాణం, తీస్తుంటే కిందికి చూసే బాణం. అంతే.

ఆ అంకె కోసం అవతల, రెండు పాయల మధ్య ఉన్న లంకలో రెండొందల పన్నెండు మంది ఎదురుచూసేవాళ్ళు. పదడుగులు దాటితే గేదెల్ని ఇవతలికి తోలుకురావాలి. పన్నెండు దాటితే మనుషులు రావాలి. పద్నాలుగైతే ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి. ఈ మూడు సంగతులూ లంకలో బడి మొహం చూడనివాళ్ళకి కూడా తెలుసు. తొమ్మిది గేదెలున్న గనికమ్మ రోజూ పాలక్యాన్లతో పడవ దిగి, బల్లకేసి ఒక్క చూపు చూసి, సూరన్నను ‘అన్నయ్యా’ అని ఒకసారి పలకరించి పాలకేంద్రానికి వెళ్ళిపోయేది. ఆవిడ తిరిగి లంక చేరేసరికి అంకె కూడా లంక చేరిపోయేది.

ఇంత తేలిగ్గా అర్థమయ్యేది ప్రభుత్వ సమాచారం ఎలా అవుతుందన్న అనుమానం నీటిపారుదల శాఖకు చాలా ఏళ్ళపాటు రాలేదు.

అనుమానం మొదట వచ్చింది ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు చక్రపాణి గారికి. ఆయన రాజధానిలో మూడు రోజులపాటు జరిగిన సమాచార సమర్పణ సదస్సుకు వెళ్ళి, అక్కడ ఇచ్చిన నారసంచీతోనూ, మారిన మనసుతోనూ తిరిగొచ్చారు. వచ్చిన మర్నాడే సిబ్బందినందరినీ సమావేశపరిచి, అంకె అనేది ముడిసరుకనీ, ముడిసరుకును ప్రజల మొహాన కొట్టడం నాగరికుల లక్షణం కాదనీ, బియ్యాన్ని అన్నంగా వండి పెట్టినట్టే అంకెను బొమ్మగా వండి వడ్డించాలనీ చెప్పారు. ఆ వంట చెయ్యడానికి తన్మయ్ అనే యువకుణ్ణి కూడా వెంట తీసుకొచ్చారు. అతని పదవి ‘సమాచార రూపశిల్పి’. నల్లచొక్కా వేసుకుంటాడు, ఎవరితోనైనా చాలా మెల్లగా మాట్లాడతాడు.

తన్మయ్ రేవుకొచ్చి నల్లబల్లను నాలుగు వైపుల నుంచీ ఫొటో తీశాడు. తరవాత సూరన్నను కూర్చోబెట్టి, ఈ బల్లను చూసినప్పుడు యూజర్‌కి ఎలాంటి అనుభూతి కలుగుతుందో చెప్పమన్నాడు. యూజరంటే ఎవరని సూరన్న అడిగాడు. సమాచారం వాడుకునేవాళ్ళన్నాడు తన్మయ్.

“ఆళ్ళకి ఏరెంతుందో తెలుత్తాదండి,” అన్నాడు సూరన్న.

తన్మయ్ పుస్తకంలో ‘అనుభూతి: శూన్యం’ అని రాసుకున్నాడు.

నెల తిరక్కుండా నల్లబల్ల ఆఫీసు గోదాములోకి వెళ్ళింది. దాని చోట రెండు ఇనప స్తంభాల మీద, లంకలోంచి కూడా కనిపించేంత పెద్ద ఎలక్ట్రానిక్ బోర్డు లేచింది. సూరన్న చేతికి ఒక ట్యాబ్ ఇచ్చారు. గేజి రాయి చూసొచ్చి అంకెను అందులో కొట్టాలి. అంకె లోపలికి వెళ్ళి, బొమ్మగా మారి, బోర్డు మీదికి వస్తుంది. మొదటి రోజు వచ్చిన బొమ్మ ఒక పెద్ద గుండ్రం. అందులో ఒక ముక్క నీలం, మిగతాది తెలుపు.

గనికమ్మ క్యాన్లు దించి దాన్ని చాలాసేపు చూసింది. “ఇదేటన్నయ్యా, దిబ్బరొట్టె?” అని అడిగింది.

ఏటి పూర్తి లోతులో ఇప్పుడు ఎంత భాగం నీళ్ళున్నాయో ఆ ముక్క చెబుతుందని సూరన్న తనకు నేర్పినట్టే వివరించాడు. నీళ్ళు నీలం ముక్కా, తెల్ల ముక్కా అన్నది వెంటనే తేలలేదు. వరదనీళ్ళు ఏనాడూ నీలంగా ఉండవు కాబట్టి తెల్లదే నీళ్ళని పడవవాళ్ళు వాదించారు. నీలం ముక్క మన నీళ్ళలో ఎగువవాళ్ళు కోసుకుపోయిన వాటా అని లంకలో ఒక పెద్దాయన తేల్చాడు. వారం తిరిగేసరికి బోర్డు కింద రెండు వర్గాలు ఏర్పడ్డాయి. ప్రజలు సమాచారంతో ఇంతగా మమేకం కావడం శాఖ చరిత్రలోనే ప్రథమమని చక్రపాణి గారు పైకి నివేదిక పంపారు.

అయినా ప్రజాభిప్రాయాన్ని గౌరవించి గుండ్రాన్ని తీసేసి, కారులో ఉండేలాంటి ముల్లు మీటరు పెట్టారు. మీటరు మీద సున్నా నుంచి వంద అడుగుల దాకా గీతలు. ఆ ఏటికి ఊళ్ళో ముసలివాళ్ళకు గుర్తున్న అతి పెద్ద వరద పంతొమ్మిది అడుగులు. మిగతా ఎనభై ఒకటీ ఎందుకని సూరన్న వినయంగానే అడిగాడు. స్కేలు విశాలంగా ఉంటే చూసేవారి దృక్పథం కూడా విశాలమవుతుందని తన్మయ్ చెప్పాడు. ఆ రోజు నుంచి ఏరు నాలుగడుగులున్నా, ఏడడుగులున్నా ముల్లు ఎడమవైపు మూలలోనే పడుకుని ఉండేది. నెలాఖరు నివేదికలో ‘నదీ ప్రవాహంలో గణనీయమైన స్థిరత్వం సాధించడమైనది’ అని రాశారు.

తరవాత రంగుల సంస్కరణ జరిగింది. ఎరుపు ప్రజల్లో నిరాశ కలిగిస్తుందని సర్వేలో తేలిందట. కాబట్టి ఎరుపును నిషేధించి, మొదటి హెచ్చరికకు లేతాకుపచ్చ, రెండోదానికి చిలకపచ్చ, మూడోదానికి ముదురాకుపచ్చ ఖాయం చేశారు. ఏ పచ్చ దేనికో బోర్డు కింది మూలలో చిన్న అక్షరాలతో రాసి ఉండేది. ఆ అక్షరాలు కనిపించాలంటే బోర్డు స్తంభం సగం ఎక్కాలి.

ఇంతలో జులై వచ్చింది. రెండు రోజుల్లో ఏరు నాలుగు నుంచి ఎనిమిదికి లేచింది. తనిఖీకి వచ్చిన చీఫ్ ఇంజనీరు గారు ట్యాబ్‌లో ఏటి గ్రాఫు చూసి, ఈ గీత ఇంత ఆవేశపడుతోందేమిటని అడిగారు. అడగడమే ఆలస్యం, గీతను శాంతింపజేశారు. ఇకపై బోర్డు మీద ఆ పూట నీటిమట్టం కాక, గడిచిన పన్నెండు నెలల సగటు మట్టం చూపిస్తారు. ఎండాకాలంలో ఏటిలో పిల్లలు గోళీలాడే నెలలు కూడా లెక్కలోకి రావడంతో సగటు నాలుగడుగుల మూడంగుళాల దగ్గర కుదురుగా నిలబడింది. సగటు అన్న మాట సామాన్యుడికి బరువని, దాన్ని కూడా కరిగించి చివరికి ఒక మొహం చేశారు. పచ్చటి గుండ్రటి మొహం, రెండు కళ్ళు, చెవిదాకా సాగిన నవ్వు. సగటు పదడుగులు దాటితే నవ్వు ఆగుతుంది. సగటు పది దాటాలంటే ఏరు ఏడాది పొడుగునా పొంగుతూనే ఉండాలని సూరన్న వేళ్ళ మీద లెక్కవేసుకున్నాడు. వెంటనే చుట్టూ చూసి వేళ్ళు ముడుచుకున్నాడు.

వేళ్ళు ముడుచుకోవడానికి కారణం ఉంది. నల్లబల్ల పోయిన దగ్గర్నుంచి లంకవాళ్ళు బోర్డును చూసి నవ్వి, తరవాత సూరన్న దగ్గరికి వచ్చి ఎంతుందని అడిగేవాళ్ళు. అతను చెప్పేవాడు. అధికారిక చిత్రాన్ని బలహీనపరుస్తున్నాడని మెమో వచ్చింది. నోటితో చెప్పడం మానేసి, తల గోక్కుంటున్నట్టు ఏడు వేళ్ళు చూపించాడు. అదే సమయానికి చక్రపాణి గారి జీపు గట్టు మీద వెళుతోంది. రెండో మెమో ఇలా ఉంది: ‘నీటిమట్టమునకు సంబంధించిన ఏ అంకెనైనను అధికారిక చిత్రరూపమున తప్ప, నోటిమాటగా గాని, చేతివ్రాతగా గాని, వ్రేళ్ళ ద్వారా గాని వెల్లడించు సిబ్బంది క్రమశిక్షణా చర్యలకు బాధ్యులగుదురు.’ సూరన్న దాన్ని రెండుసార్లు చదివి, నకలు మీద సంతకం పెట్టి ఇచ్చాడు. అతని ఉద్యోగానికి ఇంకా ఎనిమిదేళ్ళుంది.

ఆగస్టు రెండో వారంలో ఒక మంగళవారం పొద్దున్న, ఎగువ ఆనకట్ట ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. గేట్లన్నీ ఎత్తేశామని చెప్పి పెట్టేశారు. సూరన్న గేజి రాయి దగ్గరికి పరిగెత్తాడు. ఏడింటికి తొమ్మిదిన్నర. ఎనిమిదింటికి పది దాటింది. నీళ్ళ రంగు మారింది, దుంగలు కొట్టుకొస్తున్నాయి. అంకెను ట్యాబ్‌లో కొట్టాడు. బోర్డు మీద మొహం నవ్వుతూనే ఉంది.

గనికమ్మకు ఫోన్ చేశాడు. మబ్బు పడితే లంకలో సెల్‌ఫోన్లు పలకవు. మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాడు. అప్పుడు చక్రపాణి గారికి చేశాడు. ఆయన బోర్డు విజయం గురించి రాజధానివాళ్ళతో వీడియో సమావేశంలో ఉన్నారు. అయినా ఎత్తారు. గేట్ల సంగతీ, నీళ్ళ సంగతీ సూరన్న ఒక్క గుక్కలో చెప్పి, లంకవాళ్ళకు చెప్పడానికి అనుమతివ్వమన్నాడు.

“నీ ఎదురుగా ఉన్న బోర్డు ఏమంటోంది?” అన్నారు చక్రపాణి గారు.

“నవ్వుతుందండి.”

“మరి నువ్వెందుకయ్యా ఏడుస్తున్నావు?”

నదిని నేరుగా చూసి నిర్ణయాలకు రావడం పాతకాలపు పద్ధతనీ, సమగ్ర ధోరణిని చూడడం అలవాటు చేసుకోమనీ చెప్పి ఆయన ఫోన్ పెట్టేశారు.

సూరన్న గట్టు మీద నిలబడి అవతలికి చూశాడు. లంక ఒడ్డున గనికమ్మ గేదెల్ని కట్టుగొయ్యలకు కట్టి గడ్డి వేస్తోంది. నీళ్ళ రంగు ఆవిడకీ అనుమానం తెప్పించినట్టుంది, నడుం ఎత్తి బోర్డుకేసి చూసింది. బోర్డు చెవిదాకా నవ్వింది. ఆవిడ మళ్ళీ వంగి గడ్డి దులపడం మొదలుపెట్టింది.

అది చూశాక సూరన్న కాళ్ళు ఆగలేదు. జెండా పండక్కి లాకులకు వెల్ల వెయ్యాలని తెచ్చిన సున్నం డ్రమ్ములో నానుతోంది. బక్కెట్టుతో ముంచి, చీపురుకట్ట పట్టుకుని గట్టు దిగాడు. లంకకు ఎదురుగా ఉన్న నల్లటి రాతికట్టు మీద, మనిషెత్తు అంకెలతో 11 అని రాసి, పక్కన పైకి చూసే బాణం వేశాడు. నిజానికి అప్పటికి పదిముప్పావే. ఉద్యోగంలో అతను అంకె కొంచెం పెంచి రాయడం అదే మొదటిసారి. రాసి తిరిగేలోపే అది నిజమైపోయింది.

గనికమ్మ చూసింది. తరవాత మొదటి గేదె తాడు విప్పింది.

రెండు పడవలు పొద్దున తొమ్మిది నుంచి ఆగకుండా తిరిగాయి. పడవ పక్కనే గేదెలు ఈదుకుంటూ వచ్చాయి. మనుషులు మూటలతో, కోళ్ళతో, గ్యాసు బండలతో వచ్చారు. ప్రతి అరగంటకూ సూరన్న రాతికట్టు మీద పాత అంకె మీద చీపురు కొట్టి కొత్తది రాశాడు. పన్నెండున్నరకు ఆఖరి పడవ వచ్చింది. రెండొందల పన్నెండు మందినీ గనికమ్మే లెక్కపెట్టింది, రెండుసార్లు. సాయంత్రం నాలుగింటికి ఏరు పదిహేడడుగులు. లంకలో ఇళ్ళు కిటికీల దాకా మునిగాయి. రేవులోకి కూడా నీళ్ళొచ్చి బోర్డు సగానికి చేరాయి. మొహానికి నోరు మునిగింది. కళ్ళు మాత్రం పైన నవ్వుతున్నాయి.

మూడు రోజులకు ఏరు తీసింది. బియ్యం, టార్పాలిన్లు ఇవ్వడానికి సహాయ పరిశీలకుడొకాయన లంకకు వచ్చారు. మోకాలి లోతు ఒండ్రులో నిలబడి ట్యాబ్ తెరిచి, ఆగస్టులో నేరేడులంక దగ్గర నీటిమట్టం నాలుగున్నర అడుగులని చదివారు. నాలుగున్నరకు వరద సహాయం వర్తించదు. గనికమ్మ ఆయన్ను తన ఇంట్లోకి తీసుకెళ్ళి, గోడ మీద తన నడుముకంటే ఎత్తున ఉన్న బురద చార చూపించింది. చార స్థానిక వస్తువనీ, ఆధారం కేంద్రీకృతంగా ఉండాలనీ ఆయన చెప్పారు. మనిషి చెడ్డవాడు కాడు. ఏదో ఒక దారి వెతికిపెట్టాలనే చూశారు.

“పోనీ, ఎవరైనా పోయారామ్మా?”

“పోలేదండి.”

“ఒక్కరు కూడానా?”

“ఆయ్. అందరం వచ్చేశామండి.”

ఆయన బాధగా ట్యాబ్ మూశారు. “అదేనమ్మా చిక్కు. ఒక్కరు పోయినా పునఃపరిశీలనకు పంపించేవాణ్ణి.”

“అయితే మేం బతకడం తప్పయిందండి,” అంది గనికమ్మ. తప్పని కాదు, నమోదు కాలేదంతే అని ఆయన ఓదార్చి వెళ్ళారు. లంకవాళ్ళు ఎవరి బురద వాళ్ళే ఎత్తిపోసుకున్నారు.

వరద వచ్చిందనడానికి ఆధారం లేకపోయినా, ఆ వరదలో ఒక్క ప్రాణం కూడా పోలేదనడానికి ఆధారాలు గట్టిగా ఉన్నాయి. వాటి ఆధారంగా నవ్వు మొహానికి రాష్ట్రస్థాయి పురస్కారం వచ్చింది. తన్మయ్ శాలువా కప్పించుకున్నాడు. చక్రపాణి గారికి సూపరింటెండింగ్ ఇంజనీరుగా పదోన్నతి వచ్చింది. సూరన్నను సస్పెండ్ చేశారు.

అతని మీద మూడు అభియోగాలు. ప్రభుత్వ కట్టడంపై అనధికార అంకె వ్రాయుట. జెండా పండుగ సున్నమును దుర్వినియోగపరచుట. బోర్డు నవ్వుచుండగానే ప్రజలను పారిపోవునట్లు ప్రేరేపించి, తద్వారా చిత్రమునకును ప్రజాప్రవర్తనకును మధ్య వ్యత్యాసము సృష్టించుట. విచారణాధికారి అన్నీ ఓపిగ్గా విన్నారు. తను రాసిన అంకె నిజమైనదేనని సూరన్న చెప్పుకున్నాడు. అంకె నిజం కావడం వేరు, అంకెకు అనుమతి ఉండడం వేరని ఆయన వివరించారు. దస్త్రం పైకి వెళ్ళింది.

సస్పెన్షన్‌లో ఉన్నవాడు ఊరు విడిచి వెళ్ళకూడదు. చెయ్యడానికి పనీ లేదు. సగం జీతం వస్తుంది. సూరన్న రోజూ పొద్దున్నే రేవుకొచ్చి కూర్చునేవాడు. అలవాటు కొద్దీ గట్టు దిగి రాయి చూసొచ్చేవాడు. అతనికి ఆ ఏడాదంతా అవమానంగానే ఉండేది. కొత్త లస్కరు ట్యాబ్ పట్టుకుని ఎదురైతే తలదించుకుని పక్కకి తప్పుకునేవాడు.

మరుసటి జులైలో బోర్డు రెండో అవతారానికి ప్రారంభోత్సవం పెట్టారు. కొత్త మొహం నవ్వడమే కాకుండా కన్ను కూడా కొడుతుంది. పోయినేడు రక్షింపబడిన ప్రజల మధ్యే ఉత్సవం జరగాలని లంకలో షామియానాలు వేశారు. మంత్రిగారు పడవలో వెళతారు. లంకవాళ్ళందరినీ పొద్దుటి నుంచే కుర్చీల్లో కూర్చోబెట్టారు. రేవులో పడవకు పూలదండలు కట్టారు. బోర్డు కన్ను కొడుతోంది. మంత్రిగారి కారు ఇంకా ఐదు మైళ్ళ దూరంలో ఉంది.

చక్రపాణి గారు లైఫ్ జాకెట్ తొడుక్కుని, జనంలోంచి మెల్లగా విడివడి, సూరన్న కూర్చున్న చోటికి వచ్చారు. ఏటికేసి చూస్తూ, పెదవులు కదపకుండా అడిగారు.

“ఎంతుంది?”

“నవ్వుతుందండి,” అన్నాడు సూరన్న.

“అది నాకూ కనిపిస్తోంది. ఎంతుంది?”

సూరన్న ఒక్క క్షణం ఆగాడు. చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి అతనికి ఆ క్షణం సరిపోయింది. చెప్పకుండా ఉండడం మాత్రం అతనికి చేతకాలేదు. “పదకొండుం పావండి. గంటకి అరడుగు లేత్తంది.”

చక్రపాణి గారి చెయ్యి జాకెట్ ముడి మీదికి వెళ్ళింది. ఐదు నిమిషాల్లో మైకులో ప్రకటన వచ్చింది. అనివార్య కారణాల వల్ల మంత్రిగారి పర్యటన వాయిదా పడింది. కార్లు వెనక్కి తిరగడం మొదలుపెట్టాయి.

“మరి అవతలోళ్ళకి ఎవరు చెప్తారండి?” అన్నాడు సూరన్న.

చక్రపాణి గారు నిజంగానే ఆలోచనలో పడ్డారు. కొత్త లస్కరు చెప్పకూడదు. తాను అసలే చెప్పకూడదు. మెమో మీద సంతకం తనదే. ఆయన మెమోలోని మాటలను మనసులో ఒక్కొక్కటే తిరగేశారు. ఉన్నట్టుండి మొహం విప్పారింది.

“నువ్వింకా సస్పెన్షన్‌లోనే ఉన్నావు కదూ?”

“ఆయ్, ఉన్నానండి.”

“మెమో సిబ్బందికి మాత్రమే వర్తిస్తుంది. సస్పెన్షన్‌లో ఉన్నవాడు విధుల్లో ఉన్న సిబ్బంది కిందికి రాడు.” ఆయన గొంతులో సదస్సు రోజుల ఉత్సాహం వినిపించింది. “నీకు నోరుంది, వేళ్ళున్నాయి, చేతిరాత ఉంది. దేనికీ అడ్డంకి లేదు.”

సూరన్న అప్పటికే సున్నం బక్కెట్టుకేసి నడుస్తున్నాడు. ఆ పూట లంకవాళ్ళు షామియానాలతో సహా ఇవతలికి వచ్చేశారు.

విచారణ ఆ తరవాత ఐదు నెలలకు ముగిసింది. సూరన్న దోషి కాదనీ, వెంటనే ఉద్యోగంలోకి తీసుకోవచ్చుననీ తేలింది. ఆ సంగతి తెలియగానే గనికమ్మ పాతికమందిని వెంటేసుకుని ఆఫీసుకెళ్ళి, అతన్ని దయచేసి ఉద్యోగంలోకి తీసుకోవద్దని అర్జీ పెట్టింది. రెండొందల పన్నెండు మందీ సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. చక్రపాణి గారు అర్జీ మీద స్వహస్తాలతో రాశారు: ‘ప్రజాహితము దృష్ట్యా సదరు లస్కరు సస్పెన్షన్‌ను మరి ఆరు నెలలు పొడిగించడమైనది.’ తగ్గిన సగం జీతానికి బదులు లంకవాళ్ళు పాలూ, కూరగాయలూ, అరటిగెలలూ పంపుతున్నారు. నాలుగు ఊళ్ళ నుంచి జనం అతనికి ఫోన్ చేసి అంకె అడుగుతారు. కొత్త లస్కరు కూడా ట్యాబ్‌లో కొట్టే ముందు ఒకసారి అతన్ని అడిగి సరిచూసుకుంటాడు.

పొడిగింపు ఇప్పటికి ఏడుసార్లయింది. ఈసారి ఉత్తర్వు రావడం ఎందుకో ఆలస్యమైంది. పాత గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. ఎగువన వానలు మొదలయ్యాయి. నిన్న పొద్దున్న సూరన్న ఆఫీసుకు ఫోన్ చేసి, తన సస్పెన్షన్ సంగతి ఏమైందని కొంచెం కంగారుగానే అడిగాడు.